సిద్దిపేటలో రెండో స్థానం ఎవరిది? ఒక నియోజకవర్గం కేస్ స్టడీ

నియోజకవర్గం ప్రొఫైల్ కావాలని అడిగేవాళ్లకు ముందుగా కావాల్సింది ఎవరు గెలిచారు, మెజారిటీ ఎంత అన్నదే. పార్టీ ఆఫీసు వాళ్లయినా, టీవీ చానెల్ వాళ్లయినా అంతే. సిద్దిపేట విషయంలో ఈ జవాబు రెండు ముక్కల్లో అయిపోతుంది. 1985 నుంచి 2023 దాకా, ఉపఎన్నికలు కలుపుకొని, పదమూడు ఎన్నికలు. మొదటి ఆరు కేసీఆర్‌వి, తర్వాతి ఏడు ఆయన మేనల్లుడు హరీశ్‌రావువి. ఓటమన్నదే లేదు. పైగా 2018లో 1,18,699 ఓట్ల మెజారిటీ, ఆ ఎన్నికల్లో రాష్ట్రంలోనే అన్నిటికంటే పెద్దది. ఇంత చెప్పాక అడిగినవాళ్లు "సరే, అది కంచుకోట, ఇంకేముంది" అని తర్వాతి పేజీకి పోతారు.

ఎన్నికల అంకెలతో బతికేవాణ్ణి కాబట్టి "కంచుకోట" అన్న మాట వింటే నాకు చిరాకు. కోట ఎప్పుడు కట్టారో, ఏ గోడ ఎప్పుడు లేచిందో ఆ మాట చెప్పదు. అందుకే సిద్దిపేట ఫైలు తయారుచేసేటప్పుడు గెలిచినవాళ్ల కాలమ్‌ను మడిచి పక్కనబెట్టి, రెండో స్థానంలో నిలిచినవాళ్ల కాలమ్ ఒక్కటే వరసగా చదివాను. కథ మొత్తం అక్కడే ఉంది.

ముందు పాత సంగతి కొంచెం. హైదరాబాద్ రాష్ట్రంలో 1952లో జరిగిన ఎన్నికల్లో సిద్దిపేట పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ (పీడీఎఫ్)కు దక్కింది. పార్టీపై నిషేధం ఉండటంతో కమ్యూనిస్టులు ఆ పేరుతో బరిలోకి దిగి తెలంగాణలో చాలా సీట్లు గెలిచిన రోజులవి. తర్వాత కాంగ్రెస్ పాతుకుంది. 1967లో వి.బి.రాజు గెలిచిన ఈ సీటు ఖాళీ అయి 1970లో ఉపఎన్నిక వచ్చింది. 1969 తెలంగాణ ఉద్యమం వేడి ఇంకా చల్లారలేదు. చెన్నారెడ్డి నాయకత్వంలోని తెలంగాణ ప్రజాసమితి అనంతుల మదన్‌మోహన్‌ను నిలబెట్టి కాంగ్రెస్‌ను ఓడించింది. మరుసటి ఏడాది లోక్‌సభ ఎన్నికల్లో ప్రజాసమితి తెలంగాణలో పది సీట్లు గెలవడం, ఆ వెంటనే కాంగ్రెస్‌లో కలిసిపోవడం అందరికీ తెలిసిన చరిత్రే. మదన్‌మోహన్ కూడా కాంగ్రెస్ మనిషై 1983 దాకా ఈ సీటు వదల్లేదు.

ప్రత్యేక తెలంగాణ పేరు చెప్పి సిద్దిపేటలో ఉపఎన్నిక గెలవడం 2001లో మొదలైందని చాలామంది అనుకుంటారు. దానికి ముప్పై ఏళ్ల ముందే ఒకసారి జరిగింది. ఆ గెలిచిన మనిషే తర్వాత కేసీఆర్‌ను ఓడించాడు.

877

1983 జనవరి. ఎన్టీఆర్ ప్రభంజనం. పార్టీ పెట్టిన తొమ్మిది నెలలకే తెలుగుదేశం అధికారంలోకి వచ్చింది. యువజన కాంగ్రెస్‌లో మదన్‌మోహన్ వెంట తిరిగిన, ముప్పై ఏళ్లయినా నిండని కుర్రాడు చంద్రశేఖరరావు సైకిల్ గుర్తుపై తన గురువు మీదే పోటీకి దిగాడు. మదన్‌మోహన్‌కు 28,766, కేసీఆర్‌కు 27,889. తేడా 877. రాష్ట్రమంతా సైకిల్ గాలి వీస్తుంటే సిద్దిపేటలో మాత్రం చెయ్యి గెలిచింది.

ఈ సీటుకు గాలితో సంబంధం తక్కువ. తెలుగుదేశం గాలిలో తెలుగుదేశం అభ్యర్థి ఓడాడు. 1989లో గాలి కాంగ్రెస్‌ వైపు తిరిగి 181 సీట్లు ఊడ్చేసినప్పుడు ఇక్కడ అదే తెలుగుదేశం అభ్యర్థి 13,816 ఓట్లతో గెలిచాడు. 2023లో బీఆర్ఎస్ (పాత టీఆర్ఎస్) అధికారం పోగొట్టుకున్నప్పుడూ ఇక్కడ 82,308 మెజారిటీ. సిద్దిపేట ఫలితం చూసి రాష్ట్రం మూడ్ చెప్పబోయిన విశ్లేషకులు బోల్తా పడుతుంటే చూడటం మా ఆఫీసులో ఒక వినోదం.

1985లో మధ్యంతర ఎన్నిక. కేసీఆర్‌కు 45,215, కాంగ్రెస్ అభ్యర్థి టి.మహేందర్‌రెడ్డికి 29,059. ఆ తర్వాత 1989లోనూ 1994లోనూ మదన్‌మోహన్ మళ్లీ ఎదురు నిలబడ్డాడు. ఆయనకు మొదటిసారి 39,329, రెండోసారి 37,538 ఓట్లు పడ్డాయి. 1999లో ముషినం స్వామిచరణ్ కాంగ్రెస్ తరఫున 41,614 తెచ్చుకున్నాడు. ఈ కాలంలో కేసీఆర్ ఓట్లు 53,145 నుంచి 64,645కు, అక్కణ్నుంచి 69,169కి పెరుగుతూ పోయాయి.

మెజారిటీ ఒక్కటే చూస్తే గ్రాఫ్ పైకి పోతున్న ఏకపక్ష సీటు. రెండో కాలమ్ చూస్తే మాత్రం పదేళ్లలో కాంగ్రెస్ నలభై వేల దగ్గర నిలకడగా కూర్చుని ఉంది. ఓడిపోయిన పార్టీకి నలభై వేల ఓట్లంటే ప్రతి బూత్‌లో ఏజెంట్ ఉన్నట్టు, ప్రతి ఊళ్లో ఓ ఇంటి ముందు జెండా ఎగురుతున్నట్టు. 1999 దాకా సిద్దిపేట గట్టి పోటీ ఉన్న నియోజకవర్గమే. కేసీఆర్ బలమైన అభ్యర్థి, అంతే. ఇక్కడి నుంచి అసలు మార్పు.

సైకిల్ దిగాక

1999లో గెలిచాక చంద్రబాబు మంత్రివర్గంలో కేసీఆర్‌కు చోటు దక్కలేదు. డిప్యూటీ స్పీకర్ పదవి ఇచ్చారు. 2000లో కరెంటు చార్జీల పెంపుపై ముఖ్యమంత్రికి బహిరంగ లేఖ రాశారు. 2001 ఏప్రిల్‌లో డిప్యూటీ స్పీకర్ పదవికీ, శాసనసభ్యత్వానికీ, పార్టీకీ రాజీనామా చేసి జలదృశ్యంలో టీఆర్ఎస్ ప్రకటించారు. పార్టీ మారినవాళ్లు ఎమ్మెల్యే సీటు వదలకుండా స్పీకర్ దగ్గర నానబెట్టడం చూసి చూసి అలవాటైన మనకు ఇది ఇప్పుడు వింతగా అనిపిస్తుంది. సొంత సీటును పందెంలో పెట్టి ఓటర్ల దగ్గరికి తిరిగి వెళ్లడం.

2001 ఉపఎన్నిక ఫలితం: కేసీఆర్ 82,632, తెలుగుదేశం అభ్యర్థి మారెడ్డి శ్రీనివాస్‌రెడ్డి 23,920. మెజారిటీ 58,712.

ఈ ఎన్నికలో నాకు విలువైన అంకె 23,920. రెండేళ్ల కింద ఇదే సైకిల్ గుర్తుకు ఇక్కడ 69,169 ఓట్లు. మనిషి దిగిపోయి సైకిల్ ఒక్కటే మిగిలితే 45,249 తగ్గాయి. అంటే పదహారేళ్లుగా పార్టీ ఖాతాలో రాసుకుంటూ వచ్చిన ఓట్లలో మూడింట రెండొంతులు ఆ మనిషివి. నాయకుడి ఓటెంత, పార్టీ ఓటెంత అని విడదీసి చెప్పడం మా పనిలో అన్నిటికంటే కష్టం. మామూలుగా సర్వేలు చేసి, ఊహలు కలిపి ఓ అంకె చెబుతాం. సిద్దిపేటలో ఆ పరీక్ష ఓటర్లే పెట్టి ఫలితం చేతికిచ్చారు. తెలుగు రాష్ట్రాల్లో ఇంత శుభ్రంగా విడిపోయిన సీటు అరుదు.

2004లో టీఆర్ఎస్, కాంగ్రెస్ పొత్తు. కాంగ్రెస్ ఓటు కూడా కలవాలి కాబట్టి కేసీఆర్ ఓట్లు పెరగాలి. తగ్గాయి. 74,287కు దిగాయి. తెలుగుదేశం అభ్యర్థి జిల్లా శ్రీనివాస్ 29,619 తెచ్చుకున్నాడు. ఒంటరిగా పోటీచేసిన ఉపఎన్నికలో 82 వేలు దాటిన మనిషికి పొత్తుతో వచ్చిన సాధారణ ఎన్నికలో 74 వేలు. పొత్తులో ఓటు బదిలీ అవుతుందని కాగితం మీద కూడేవాళ్లందరికీ ఈ రెండు అంకెలూ చూపిస్తుంటాను.

అదే ఎన్నికల్లో కేసీఆర్ కరీంనగర్ లోక్‌సభకూ గెలిచి సిద్దిపేట వదులుకున్నారు. వై.ఎస్.రాజశేఖరరెడ్డి మంత్రివర్గంలో అప్పటికి ఎమ్మెల్యే కాని హరీశ్‌రావు మంత్రి అయ్యారు. ఆరు నెలల్లో సభకు ఎన్నిక కావాలి. ఆ ఉపఎన్నికలో గెలిచారు గానీ మేనమామ కొన్ని నెలల కింద తెచ్చుకున్న మెజారిటీని అందుకోలేదు. ఈ సంగతి ఇప్పుడెవరికీ గుర్తులేదు. హరీశ్‌రావు మొదటి రోజు నుంచే లక్షల మెజారిటీతో పుట్టాడన్నట్టు మాట్లాడతారు.

ఏ ఉపఎన్నిక, ఎందుకు వచ్చింది

ఉపఎన్నిక అంటే పోలింగ్ తగ్గుతుంది, జనం పట్టించుకోరు, అధికార పార్టీ ఊడ్చుకుపోతుంది. ఇది మా లైన్లో పాత సూత్రం. సిద్దిపేటలో 2001 నుంచి 2010 వరకు నాలుగు ఉపఎన్నికలు, రెండు సాధారణ ఎన్నికలు జరిగాయి. పదేళ్లలో ఆరుసార్లు అసెంబ్లీ ఓటు. నాలుగు ఉపఎన్నికలూ నెగ్గింది ఒకే పార్టీ. అయితే నాలుగింటినీ ఒకే గాట కట్టేస్తే తప్పుదారి పడతాం.

2004 ఉపఎన్నిక లెక్క సర్దుకోడానికి వచ్చింది. ఒక మనిషికి రెండు పదవులొచ్చాయి, ఒకటి వదిలాడు. దానికి ఓటరు రక్తం మరగదు. 2001, 2008, 2010 ఎన్నికలు తెలంగాణ కోసం రాజీనామా చేసి తెచ్చుకున్నవి. ఈ మూడింట్లోనే సిద్దిపేట పోటెత్తింది.

2008 సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఆ మార్చిలో టీఆర్ఎస్ తరఫున పదహారు మంది ఎమ్మెల్యేలు, నలుగురు ఎంపీలు రాజీనామా చేశారు. మే నెలలో ఎన్నికలు. పదహారులో ఏడే మిగిలాయి. నాలుగు లోక్‌సభ సీట్లలో రెండే. కేసీఆర్ స్వయంగా పోటీచేసిన కరీంనగర్‌లో 2006 ఉపఎన్నికలో రెండు లక్షలు దాటిన మెజారిటీ రెండేళ్లకే పదిహేను వేల చిల్లరకు జారింది. రాజీనామా అస్త్రం మొద్దుబారిందని పత్రికలన్నీ రాశాయి. అదే రోజు, అదే నినాదం మీద సిద్దిపేటలో హరీశ్‌రావుకు 58,935 మెజారిటీ.

ఉద్యమమే కారణమైతే కరీంనగర్ ఎందుకు జారింది? ఉద్యమం తక్కువైతే సిద్దిపేట ఎందుకు నిలిచింది? నా అంచనా చెబుతాను. సిద్దిపేటలో అప్పటికి ఎదుటి పక్షం ఖాళీ అయిపోయింది. 1999లో ఉన్న నలభై వేల కాంగ్రెస్ ఓటు 2004లో పొత్తు పేరుతో టీఆర్ఎస్‌కు వేయడం నేర్చుకుంది. అలా ఒకసారి చెయ్యి వదిలి పక్క గుర్తుకు వేసిన ఓటరును తిరిగి తెచ్చుకోవాలంటే ఊళ్లో ఓ నాయకుడు ఉండాలి. మదన్‌మోహన్ లాంటివాడు, ఓడినా ఐదేళ్లూ అక్కడే ఉండేవాడు, కాంగ్రెస్‌కు మళ్లీ దొరకలేదు.

ఇప్పుడు రెండో స్థానం కాలమ్ మళ్లీ చూడండి, 2004, 2008 ఉపఎన్నికలు పక్కనబెట్టి. 1999 ముషినం స్వామిచరణ్, 2001 మారెడ్డి శ్రీనివాస్‌రెడ్డి, 2004 జిల్లా శ్రీనివాస్, 2009 బైరి అంజయ్య, 2010, 2014 తాడూరి శ్రీనివాస్‌గౌడ్, 2018 మరికంటి భవాని, 2023 పూజల హరికృష్ణ. మధ్యలో పార్టీలూ మారాయి: కాంగ్రెస్, తెలుగుదేశం, మళ్లీ కాంగ్రెస్, తెలంగాణ జనసమితి, మళ్లీ కాంగ్రెస్. వీళ్లలో వరసగా రెండుసార్లు రెండో స్థానంలో కనిపించేది ఒక్క శ్రీనివాస్‌గౌడ్. మిగతావాళ్లు ఒక ఎన్నిక అద్దెకు వచ్చి ఖాళీ చేసి పోయినవాళ్లే.

డిపాజిట్ లెక్క

2009కి ముందు అంకెల్నీ తర్వాత అంకెల్నీ ఒకే గీత మీద పెట్టకూడదు. 2008 పునర్విభజనలో మెదక్ జిల్లా సీట్ల హద్దులు మారాయి. దొమ్మాట, రామాయంపేట పోయి దుబ్బాక, పటాన్‌చెరు వచ్చాయి. సిద్దిపేట పేరుతో ఉన్న లోక్‌సభ సీటూ రద్దయింది. అసెంబ్లీ సీటు సిద్దిపేట, చిన్నకోడూరు, నంగునూరు మండలాలతో సర్దుకుంది. అందుకే నా ఫైల్లో 2009 పైన మందపాటి గీత ఒకటి ఉంటుంది.

ఆ గీత కింద మొదటి ఎన్నికలో టీఆర్ఎస్ మహాకూటమిలో ఉంది. నలభై అయిదు చోట్ల పోటీచేసి పదే గెలిచింది. సిద్దిపేటలో హరీశ్‌రావు 85,843, కాంగ్రెస్ 21,166. అదే ఏడాది నవంబరు 29న సిద్దిపేట శివారు రంగధాంపల్లిలో కేసీఆర్ నిరాహార దీక్షకు కూర్చోవాల్సి ఉంది. అక్కడికి చేరకముందే అలుగునూరు దగ్గర అరెస్టు చేశారు. తెలంగాణ ఏర్పాటుపై కేంద్రం డిసెంబరు 9 ప్రకటన, ఆ తర్వాత వెనక్కి తగ్గడం, శ్రీకృష్ణ కమిటీ, దాని విధివిధానాలు నచ్చక ఫిబ్రవరిలో మళ్లీ రాజీనామాలు. 2010 జులైలో పన్నెండు సీట్లకు ఉపఎన్నికలు. పదకొండు టీఆర్ఎస్‌వి, నిజామాబాద్ అర్బన్ బీజేపీది. సిద్దిపేటలో 1,08,779 ఓట్లు, కాంగ్రెస్‌కు 12,921.

అభ్యర్థి డిపాజిట్ దక్కాలంటే చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటాలి. మొత్తం ఓట్ల పట్టిక చేతిలో లేకపోయినా ఓ చిట్కా ఉంది: మొదటి ఇద్దరి ఓట్లు కూడి ఆరుతో భాగించండి. రెండో అభ్యర్థి ఆ అంకె కంటే కిందే ఉంటే డిపాజిట్ పోయినట్టే, ఎందుకంటే మిగతావాళ్ల ఓట్లు కలిస్తే గీత ఇంకా పైకే పోతుంది. 2010లో ఆ గీత 20,283. వచ్చినవి 12,921. 2014లో గీత 20,678, వచ్చినవి 15,371. 2018లో గీత 23,982, వచ్చినవి 12,596. వరసగా మూడు ఎన్నికల్లో రెండో స్థానానికి డిపాజిట్ లేదు. లక్షా పద్దెనిమిది వేల మెజారిటీ అని గొప్పగా చెప్పుకునేది ఈ ఖాళీ మీద నిలబడిన అంకె.

ఈ కాలం అంకెలు టైపు చేసేవాళ్లకు ఓ హెచ్చరిక. 2010లో హరీశ్‌రావు ఓట్లు 1,08,779. 2014లో ఓట్లు 1,08,699. 2018లో మెజారిటీ 1,18,699. మూడూ కవల పిల్లల్లా ఉంటాయి. 2018 ఓట్లేమో 1,31,295. ఏది ఓటు, ఏది మెజారిటీ అని ఒకటికి రెండుసార్లు తీసివేత చేసి చూడకుండా గ్రాఫిక్ ప్లేటుకు పంపొద్దు. పైగా ఆ మొదటి రెండు అంకెల్లో ఓ విశేషం ఉంది. ఉద్యమం ఉధృతంగా ఉన్న ఉపఎన్నికకూ, రాష్ట్రం ఖాయమయ్యాక జరిగిన సాధారణ ఎన్నికకూ మధ్య హరీశ్‌రావు ఓట్లలో తేడా ఎనభై. ఉద్యమ ఓటు నాలుగేళ్లలో ఎమ్మెల్యే ఓటుగా మారిపోయిందని నేను అర్థం చేసుకున్నాను. ఈ దశ దాటాక తెలంగాణ నినాదం తీసేసినా ఆ ఓటు కదల్లేదు.

ఎమ్మెల్యే ఓటు అన్నది ఊరికే రాలేదు. 2014 తర్వాత నీటిపారుదల మంత్రి, ఆ తర్వాత ఆర్థిక, ఆరోగ్య శాఖలు. చిన్నకోడూరు మండలం చంద్లాపూర్ దగ్గర రంగనాయకసాగర్ నిండటం, 2016లో సిద్దిపేట జిల్లా కేంద్రం కావడం, మెడికల్ కాలేజీ, 2023 అక్టోబరులో మొదటి రైలు. అప్పట్లో సీఎం మేనల్లుడు కాబట్టి నిధులకు కొదవ లేదు అనేవాళ్లున్నారు, నిజమే. ఊరూరా తిరిగే అలవాటు మాత్రం నిధులతో రాదు. కోనాయిపల్లి వేంకటేశ్వరస్వామి గుడిలో నామినేషన్ పత్రాలు దేవుడి ముందు పెట్టి సంతకం చేయడం మామ మొదలుపెట్టిన ఆనవాయితీ, అల్లుడూ తప్పలేదు. గజ్వేల్ నుంచి పోటీచేస్తున్నప్పుడు కూడా కేసీఆర్ ఓటు వేసేది ఈ నియోజకవర్గంలోని చింతమడకలోనే.

2018కి ముందు ఇబ్రహీంపూర్ లాంటి కొన్ని ఊళ్లు ఓట్లన్నీ హరీశ్‌రావుకే అని తీర్మానాలు చేశాయి. అభిమానం అన్నారు. కావచ్చు. రహస్య ఓటింగ్ ఉన్న చోట ఊరంతా కలిసి ముందే తీర్మానం చేస్తే, ఎదుటి పార్టీ తరఫున ఏజెంటుగా ఆ బూత్‌లో కూర్చునే కుర్రాడి పరిస్థితేమిటని నా లాంటివాడికి అనుమానం. ప్రతిపక్షం ఎండిపోవడానికి నాయకుడు లేకపోవడం ఒక కారణమైతే, కూర్చునే కుర్చీ లేకపోవడం ఇంకోటి.

పొరుగున దుబ్బాక

ఈ ఓటు ఎంత వరకు కదులుతుంది? దీనికి పక్క సీటే సాక్ష్యం. 2020లో దుబ్బాక ఉపఎన్నిక బాధ్యత హరీశ్‌రావుదే. ఎమ్మెల్యే మరణంతో వచ్చిన ఎన్నిక, ఆయన భార్యే అభ్యర్థి, అధికారం చేతిలో ఉంది, సిద్దిపేట యంత్రాంగమంతా అక్కడే దిగింది. బీజేపీ 1,079 ఓట్లతో గెలిచింది. సిద్దిపేట హద్దు దాటగానే ఆ పట్టు సడలింది. దుబ్బాకలో ఎదుటి పక్షానికి రఘునందన్‌రావు ఉన్నాడు. అంతకుముందు అక్కడే పోటీచేసి ఓడి, డిపాజిట్ పోయినా ఊరు వదలకుండా తిరిగిన మనిషి. సిద్దిపేటలో 1994 తర్వాత కాంగ్రెస్‌కు లేనిది అదే.

2023 దగ్గరికి వద్దాం. హరీశ్‌రావు 1,05,514, కాంగ్రెస్ 23,206. 2018తో పోలిస్తే గెలిచిన ఓట్లలో 25,781 తగ్గాయి. మొదటి ఇద్దరి లెక్కతో డిపాజిట్ గీత 21,453 వస్తుంది, అంటే పై చిట్కా ఇక్కడ పనిచేయదు, మిగతావాళ్ల ఓట్లూ కూడాల్సిందే. బీజేపీకీ, బీఎస్పీకీ చెప్పుకోదగ్గ ఓట్లు పడటంతో కాంగ్రెస్‌కు ఈసారీ డిపాజిట్ దక్కలేదు. కానీ 2010 నుంచి మూడు ఎన్నికల్లో మొదటి ఇద్దరి తర్వాత చూడ్డానికి ఏమీ లేని పట్టికలో ఇప్పుడు మూడో పేరు, నాలుగో పేరు చదవాల్సి వచ్చింది. హరీశ్‌రావుకు వేయని ఓటు ఈ సీట్లో మళ్లీ పోగవుతోంది, ఒక్క చోట మాత్రం కాదు.

కాబట్టి ఈసారి సిద్దిపేట ప్రొఫైల్ అడిగినవాళ్లకు నేను ఇచ్చే సలహా ఒకటే. నామినేషన్ల పరిశీలన ముగిసి అభ్యర్థుల జాబితా వచ్చిన రోజు, 2023లో రెండు, మూడు, నాలుగు స్థానాల్లో నిలిచిన ముగ్గురిలో ఎవరి పేరు మళ్లీ కనిపిస్తుందో చూడండి. ఒక్కరి పేరున్నా వాళ్ల బూత్ ఏజెంట్ల జాబితా తెప్పించుకుని 2023 ఫారం 20తో (బూత్‌లవారీ ఓట్ల పట్టికతో) పక్కపక్కన పెట్టి చదవండి. ఒక్కరూ లేకపోతే మెజారిటీ అంచనా వేయడం తప్ప ఆ ఫైల్లో పెద్ద పనుండదు.